నాలుగు రోజుల మానవ హక్కుల చిత్రోత్సవం: చర్చకు మరో అరగంట ఉండవలసింది

మానవ హక్కుల దినోత్సవమైన డిసెంబరు 10న ముగిసేలా ఏర్పాటు చేసిన నాలుగు రోజుల చిత్రోత్సవానికి పూర్తి పాస్ తీసుకుని వెళ్లి, మొత్తం పదకొండు సినిమాలు చూశాను. 1948లో అదే తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ పారిస్‌లో ఆమోదించిన సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలో 30 అధికరణలున్నాయి. నిర్వాహకులు ఒక్కో సినిమాకు వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, టికెట్ వెనుక దాని పూర్తి పాఠం అచ్చు వేయించారు. చూడటానికి చిన్న పనే గానీ, దీపాలు ఆరే లోపు చాలామంది టికెట్ తిప్పి ఆ రెండు మూడు వాక్యాలు చదువుకోవడం నేను ప్రతి ప్రదర్శనలోనూ గమనించాను.

అన్నిటికంటే నా మనసులో నిలిచిపోయింది, పరాయి దేశానికి ఇంటిపనికి వెళ్లిన ఒక మహిళ మీద తీసిన డాక్యుమెంటరీ. అందులో కొట్టడం, తిట్టడం ఎక్కడా కనిపించవు. యజమానురాలు మర్యాదగానే మాట్లాడుతుంది, ఆమె పుట్టినరోజును గుర్తు పెట్టుకుంటుంది. కాకపోతే ఆమె పాస్‌పోర్టు బీరువాలో ఉంటుంది, బీరువా తాళంచెవి యజమానురాలి గుత్తిలో ఉంటుంది. ఆమె కూరగాయలు తరుగుతున్నప్పుడు, పిల్లలకు జడలు వేస్తున్నప్పుడు, రాత్రి పదకొండు దాటాక అంట్లు తోముతున్నప్పుడు పక్కగదిలో ఎక్కడో ఆ గుత్తి గలగలమంటూనే ఉంటుంది. దర్శకుడు దాని గురించి ఒక్క ముక్క వ్యాఖ్యానం కూడా చేయలేదు. తన దేశంతో సహా ఏ దేశాన్నైనా విడిచి వెళ్లే హక్కు, తిరిగి స్వదేశానికి వచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉన్నాయని 13వ అధికరణ చెబుతుంది. టికెట్ వెనుక ఆ వాక్యం చదివినప్పుడు నాకు సరిహద్దులు, ముళ్లకంచెలు, తుపాకులు పట్టుకున్న సైనికులు తోచారు. సినిమా అయ్యేసరికి బీరువా తాళం తోచింది.

తర్వాత జరిగిన చర్చలో ఒక న్యాయవాది, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక గురించి అందరికీ అర్థమయ్యేలా వివరించారు. ఇంటిపని చేసేవారికి తమ ప్రయాణ పత్రాలను, గుర్తింపు పత్రాలను తమ దగ్గరే ఉంచుకునే హక్కు ఉందని, వారానికి కనీసం 24 గంటలు ఎడతెగకుండా విశ్రాంతి దొరకాలని, అయితే ఆ ఒడంబడికను ధ్రువీకరించిన దేశాలే దానికి కట్టుబడి ఉంటాయని చెప్పారు. అప్పుడు నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, "మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కాగితాలు నా దగ్గరే ఉన్నాయండీ. పోగొట్టుకుంటుందేమోనని నేనే దాచాను. ఆ పిల్లను మాత్రం అడగలేదు" అన్నారు. హాల్లో చప్పుడు లేదు. "ఇవాళే ఇచ్చేయండమ్మా, దాచమంటే అప్పుడు దాచండి" అని న్యాయవాది మెల్లగా బదులిచ్చారు. ఆ రెండు మాటల కోసమే ఇలాంటి ఉత్సవాలు జరగాలని నేను నమ్ముతాను.

నా ప్రధానమైన ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. ఆవిడ కూర్చున్న రెండు నిమిషాలకే తర్వాతి సినిమాకు వేళైందంటూ మైకు తీసేసుకున్నారు. చేతులెత్తిన వారు ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. ప్రారంభోత్సవ ప్రసంగాలకు గంటన్నర కేటాయించిన వారు, సినిమా తర్వాతి చర్చకు పావుగంటకు మించి ఇవ్వలేకపోవడం నాకు బాధ కలిగించింది. రోజుకు ఒక సినిమా తగ్గించినా నష్టం లేదు, ప్రతి చర్చకూ మరో అరగంట కలుస్తుంది.

రెండో లోపం ఇంకా తీవ్రమైనది. వికలాంగుల జీవితం మీద సినిమా వేసిన రోజునే, చక్రాల కుర్చీలో వచ్చిన ఒక యువకుడు ర్యాంప్ ఉన్న పక్కతలుపు తాళం తీసేవారి కోసం ఇరవై నిమిషాలు బయట ఎదురుచూడవలసి వచ్చింది. సినిమాలు, నాటకాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణలో స్పష్టంగా ఉంది. సబ్‌టైటిళ్లు కూడా పరభాషా చిత్రాలకే వేశారు. మిగిలిన సినిమాల్లో వినికిడి లోపం ఉన్నవారికి బొమ్మ తప్ప మాట అందలేదు. వాలంటీర్లు తర్వాత క్షమాపణ చెప్పారు, నిజాయితీగానే చెప్పారు, కానీ ఈ ఏర్పాట్లు మొదటి రోజుకు ముందే పూర్తి కావలసినవి.

ఒక విషయంలో మాత్రం నిర్వాహకులను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. సాక్ష్యం చెప్పినవారి ముఖాలు మసకబరచిన ఒక చిత్రానికి ముందు, తెరను ఫోటో తీయవద్దని, ఎక్కడ చిత్రీకరించారన్నది ఎవరూ ఊహించి రాయవద్దని, అలా రాస్తే ఎవరికి ఏ ప్రమాదమో వివరించి మరీ కోరారు. ఇది అతి జాగ్రత్త కాదు. ఇండోనేషియాలో 1965-66 నాటి హత్యాకాండపై వచ్చిన 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' చివర, సహదర్శకుల్లో ఒకరితో సహా స్థానిక బృందంలో అనేకుల పేర్లకు బదులు 'అజ్ఞాత' అన్న మాటే వరుసగా కనబడుతుంది. అన్నేళ్ల తర్వాత కూడా పేరు వేసుకోలేని పరిస్థితి వారిది. మా ప్రదర్శనలో ఒక్క ఫోన్ వెలుగు కూడా కనిపించలేదు.

ఉదయం ఆటలకు బడిపిల్లలు రావడం మరో మంచి సంగతి. 1999లో ప్రాగ్‌లో మొదలైన వన్ వరల్డ్ అనే మానవ హక్కుల చిత్రోత్సవాన్ని నడిపే సంస్థ బడుల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే నిర్వహిస్తోంది. ఇక్కడ కూడా ఆ పని ఏడాది పొడవునా సాగితే బాగుంటుంది, ఎందుకంటే సాయంత్రం ఆటలకు వచ్చినవారిలో ఎక్కువమంది ఈ విషయాలపై ముందే ఆసక్తి ఉన్నవారే.

వచ్చే ఏడాదీ వెళ్తాను. అయితే పూర్తి పాస్ కొనను, రోజుకు రెండు సినిమాలకే టికెట్ తీసుకుంటాను. మూడో సినిమాకు వచ్చేసరికి మొదటిదానిలోని మనుషుల ముఖాలు కలగాపులగమైపోయాయి, అది వారికి అన్యాయం చేసినట్టు అనిపించింది. వెళ్లదలచినవారు కార్యక్రమ పట్టికలో ఏ ప్రదర్శన తర్వాత చర్చ ఉందో చూసి, దానికే టికెట్ తీసుకోండి.