ఆవకాయ లేబుల్ కోసం బ్రిటన్ చట్టాల సైట్ వాడాను: 5కి 4

నేనుండేది గ్లాస్గోలో. ఇంట్లో పెట్టిన ఆవకాయ అమ్ముదామని లేబుల్ రాసుకుంటుంటే తెలిసినాయన ఒకరు "ఈయూ (యూరోపియన్ యూనియన్)లోంచి బయటికొచ్చేశాం కదండీ, ఆ పాత రూల్స్ ఇప్పుడెక్కడివి" అని తేల్చేశారు. మనసొప్పక లెజిస్లేషన్ డాట్ గవ్ డాట్ యూకే తెరిచాను. నేషనల్ ఆర్కైవ్స్ నడిపే సైట్, పైసా కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అడగదు.

1169/2011 అని వెతికితే ఈయూ ఆహార సమాచార రెగ్యులేషన్ వచ్చింది. అది ఎక్కడికీ పోలేదు. 2020 డిసెంబర్ 31 రాత్రి 11 గంటలకు అమల్లో ఉన్న ఈయూ చట్టాలను యూకే తన చట్టాలుగా ఉంచేసుకుంది (2014లో తెలంగాణ వచ్చినప్పుడు ఉమ్మడి రాష్ట్ర చట్టాలే ముందు కొనసాగాయి కదా, అలాగే). రెండో అనుబంధంలో 14 అలర్జీ పదార్థాలున్నాయి, వాటిలో ఆవాలున్నాయి, నువ్వులున్నాయి. అంటే మన ఆవపిండి, నువ్వుల నూనె రెండూ లేబుల్ మీద మిగతా అక్షరాల్లో కలిసిపోకుండా కొట్టొచ్చినట్టు కనపడాలి. ఆయన మాట విని ప్రింటుకిచ్చుంటే ఎవరి ప్రాణం మీదికైనా వచ్చేది, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

నాకు బాగా నచ్చింది తేదీల పట్టీ. ఏ తేదీ నొక్కితే ఆ రోజున్న పాఠం వస్తుంది, మారిన చోట ఏ రెగ్యులేషన్ మార్చిందో కింద నోట్ ఉంటుంది. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకి ఇది చాలా అవసరం. 2023 చివరికల్లా ఈయూ నుంచి వచ్చిన చట్టాలు చాలావరకు వాటంతటవే రద్దయ్యేలా లండన్ ప్రభుత్వం బిల్లు తెస్తే స్కాటిష్ పార్లమెంటు సమ్మతించలేదు, చివరికి దాదాపు 600 మాత్రమే రద్దు చేశారు, మిగిలినవాటికి 'అసిమిలేటెడ్ లా' (మనలో కలుపుకున్న చట్టం) అని పేరు మార్చారు. స్కాట్లాండ్ అంతకుముందే, 2021లో, ఈయూతో సమానంగా నడవడానికి సొంత చట్టం చేసుకుంది, తాగునీటి నిబంధనల్ని 2022లో దాని కిందే మార్చింది. కాబట్టి ఇంగ్లండ్‌లో ఉన్న స్నేహితుల లేబుల్ చూసి మనం దించేయకూడదు, రూల్ ఏ ప్రాంతానికి వర్తిస్తుందో చూసుకోవాలి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, 2020 తర్వాత ఈయూ తన వైపు చేసుకున్న మార్పులు ఇందులో రావు. ఈయూ వెంట నడుస్తానన్న స్కాట్లాండ్‌లో రేపు ఏం మారొచ్చో ముందుగా తెలియాలంటే అవే కావాలి. వాటికోసం పక్క ట్యాబ్‌లో ఈయూ వాళ్ల సొంత చట్టాల సైట్ యూర్‌లెక్స్ తెరిచి రెండు పాఠాలూ పేరా పేరా పోల్చుకుంటూ కూర్చోవాలి, నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది.