వేగానికి కళ్లెం వేయాలా, దుమ్ము దులపాలా?

ఆఫీసు ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తే రెండు దారులున్నాయి. ఒకటి, విండోస్ పవర్ సెట్టింగ్‌లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి తగ్గించడం. తేడా ఒక్క శాతమే అయినా చాలా యంత్రాల్లో దీంతో టర్బో వేగం, అంటే పని పెరిగినప్పుడు ప్రాసెసర్ మామూలు స్థాయిని మించి అందుకునే వేగం, ఆగిపోతుంది. వేడి వెంటనే దిగుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మెయిళ్లు, పత్రాలతో గడిచే రోజుకు ఇది చాలు. పెద్ద స్ప్రెడ్‌షీట్లు లెక్కించేటప్పుడు మాత్రం ఆ లోటు తెలుస్తుంది.

రెండోది, ఫ్యాన్ దగ్గర పేరుకున్న దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే పూత అయిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే మార్పించడం. వేడి 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గాలి దారి మూసుకుపోయిన యంత్రంలో ఆ స్థితి త్వరగా వస్తుంది. కొన్నేళ్లు వాడిన ల్యాప్‌టాప్ అయితే నా ఓటు దీనికే. వేగం వదులుకోకుండానే వేడి తగ్గుతుంది. కంపెనీ యంత్రాన్ని మాత్రం ఐటీ విభాగానికి చెప్పకుండా విప్పవద్దు.

బ్యాటరీ ఆయుష్షు సంగతి వేరు. రోజంతా ప్లగ్‌లోనే ఉంచేవారు ఏ దారి ఎంచుకున్నా, ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే ఆన్ చేసుకోవాలి. నిండు ఛార్జి, వేడి కలిస్తే లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది.