ఐఎంఎఫ్ డేటామ్యాపర్: రొయ్యలు, గ్రానైట్ ఎగుమతిదారులకు ఎంతవరకు పనికొస్తుంది?

దేశాల ఆర్థిక అంకెలను పటాలు, గ్రాఫులుగా చూపే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) వెబ్ పేజీ ఇది. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. వాస్తవ జీడీపీ వృద్ధి (ధరల పెరుగుదల తీసేసిన వృద్ధి) ఎంచుకుని అమెరికా, చైనా, వియత్నాం పక్కపక్కనే పెట్టి చూడొచ్చు. ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు.

తప్పులు చదవడంలోనే జరుగుతాయి. 2025 ప్రపంచ వృద్ధి అంచనా ఏప్రిల్‌లో 2.8 శాతం, జులైలో 3.0, అక్టోబర్‌లో 3.2. అంకెతో పాటు అది ఏ నెలదో కూడా రాసుకోవాలి. భారత్ లెక్క ఏప్రిల్-మార్చి ఆర్థిక సంవత్సరానిది, అమెరికాది క్యాలెండర్ సంవత్సరానిది. పత్రికల్లో వచ్చే అమెరికా త్రైమాసిక వృద్ధి సంగతి మరీ మోసం: మూడు నెలల పెరుగుదలను ఏడాదికి లెక్కగట్టి చెబుతారు, కాబట్టి 0.5 శాతం సుమారు 2 శాతంగా కనిపిస్తుంది. మన దేశంలో నిరుటి అదే త్రైమాసికంతో పోలుస్తారు. ఆ రెండూ పక్కపక్కనే పెట్టి పోలిస్తే చిక్కే.

ఇంకో మెలిక. ప్రపంచ సగటును కొనుగోలు శక్తి ప్రాతిపదికన (అంటే ఏ దేశంలో డబ్బుకు ఎంత సరుకు వస్తుందో చూసి) లెక్కిస్తారు, అందుకే భారత్, చైనాల బరువు ఎక్కువ. కానీ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి కొనేవాడు చెల్లించేది డాలర్లు. అందుకే ఎగుమతిదారులకు మార్కెట్ మారకపు రేటుతో కట్టిన సగటే దగ్గరి లెక్క, అది సాధారణంగా తక్కువే ఉంటుంది.

వన్నామి రొయ్య కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధర) మాత్రం ఇందులో దొరకదు. దానికి నెల్లూరు కొనుగోలుదారులనే అడగాలి.