తేట నీళ్లన్నీ మంచి నీళ్లేనా? గౌతముడు, అరిస్టాటిల్, దిఙ్నాగుడు: ఎవరి తర్కం మేలు?

"ఈ బోరు నీళ్లు అద్దంలెక్క తేటగున్నయి, వాసన లేదు, కాబట్టి తాగొచ్చు." నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు తరాల తరబడి నడుములు వంచిన ఆలోచన ఇది. ఫ్లోరైడ్‌ను కంటితో గానీ నాలుకతో గానీ పట్టలేం. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు సహించవచ్చు. అంతకు మించిన నీళ్లే ఏళ్లకేళ్లు తాగితే ముందు పిల్లల పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు బిగుస్తాయి.

వైదిక దర్శనం గొప్పదా, పాశ్చాత్య తత్వం గొప్పదా, బౌద్ధం గొప్పదా అని వాదించుకునేవాళ్లు చాలామందే. ఏ పనికి గొప్ప అని అడిగితేనే ఆ వాదన తేలుతుంది. అందుకే పై నీళ్ల మాటను మూడు తర్కాలకూ అప్పగించి చూద్దాం.

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) పద్ధతిలో వాక్యాలు మూడు. తేట నీళ్లన్నీ మంచివి. ఇవి తేట నీళ్లు. కాబట్టి ఇవి మంచివి. అల్లికలో దోషం లేదు. మొదటి వాక్యం తప్పు కదా అంటే, నిజమే, కానీ దాన్ని పట్టడం ఈ పనిముట్టు పని కాదు. అల్లిక చూడటమే దాని పని, అందులో దానికి సాటి లేదు. "ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల పళ్లు గారపడతాయి, ఇతని పళ్లు గారపడ్డాయి, కాబట్టి ఇతను ఫ్లోరైడ్ నీళ్లు తాగాడు" అన్నామనుకోండి. ఊరు, మనిషి, నీళ్లు ఏవీ చూడకుండానే అల్లిక చెడిందని చెప్పేస్తుంది. గుట్కా, పొగాకు వల్లా పళ్లు రంగు మారతాయి కదా. రెండు వాక్యాల్లోనూ వచ్చే మాట స్థానాన్ని బట్టి మూడు వరుసలు చేసి, వాటిలో కలిపి 14 సరైన అల్లికలను ఆయన తేల్చాడు. మాటల స్థానంలో అక్షరాలు పెట్టి వాదించడం అక్కడే మొదలైంది.

ఇక గౌతముడి న్యాయసూత్రాలు. ఈయన బుద్ధుడు కాదు, న్యాయమనే తర్క దర్శనానికి మూలపురుషుడు. ఇక్కడ అవయవాలు, అంటే వాదనలోని భాగాలు, ఐదు. ప్రతిజ్ఞ: ఈ నీళ్లు తాగదగినవి. హేతువు: తేటగా ఉన్నాయి కాబట్టి. ఉదాహరణ: ఏవి తేటగా ఉంటాయో అవి తాగదగినవి, మా పాత మోటబావి నీళ్లలాగా. ఉపనయం: ఇవీ అలాంటి తేట నీళ్లే. నిగమనం: అందుకని తాగదగినవే. మూడు వాక్యాల పనికి ఐదెందుకని పాశ్చాత్యులే కాదు, వేదవాక్యాలను విచారించే మీమాంసకులూ అడిగారు. వాళ్లకు మూడే చాలు. న్యాయం పాటించే నైయాయికుల జవాబు గట్టిది (ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, హేతువును బట్టి తేల్చుకోవడం): తనలో తాను అనుకోవడానికి (స్వార్థానుమానం) ఐదు అక్కర్లేదు, ఎదుటివాణ్ని ఒప్పించడానికి (పరార్థానుమానం) కావాలి. వాదన కాగితం మీద కాదు, మనిషి ముందు జరుగుతుంది.

అసలు బలం మూడో అవయవంలో ఉంది. నియమం చెప్పి ఊరుకోనివ్వదు, ఎక్కడ చూశావో చూపించమంటుంది. చూపించబోతే ఎదుటివాడు పక్క ఊరి బోరు చూపిస్తాడు: తేటగానే ఉంది, తాగినవాళ్లు మంచాన పడ్డారు. హేతువు దారి తప్పింది. దీన్నే సవ్యభిచారం అంటారు, ఐదు హేత్వాభాసాల్లో (హేతువులా కనిపించే దొంగ హేతువుల్లో) మొదటిది. నీళ్ల పరీక్షలో 3 మిల్లీగ్రాములు తేలితే బాధితం: మరింత బలమైన ప్రమాణం (నిజం తెలుసుకునే సాధనం) అనుమానాన్ని కొట్టేసింది. "ఇవి కృష్ణ నీళ్లు కాబట్టి మంచివి" అంటే, అవి బోరు నీళ్లయినప్పుడు, హేతువే అక్కడ లేదు, అది అసిద్ధం. మిగిలిన రెండూ, విరుద్ధం, సత్ప్రతిపక్షం, రోజువారీ మాటల్లో అంతగా తగలవు.

న్యాయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఉపాధి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కావాలి. చెప్పకుండా దాగిన ఆ షరతే ఉపాధి. "కాచిన నీళ్లు మంచివి" అనే మాటలోనూ ఒకటి దాగి ఉంది: చెడుపు సూక్ష్మజీవుల వల్ల వచ్చినదైతేనే. ఫ్లోరైడ్ కాస్తే పోదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినవాటిలో దాని పాళ్లు పెరుగుతాయి. మంచి చేస్తున్నామనుకుంటూ చెడు చేసే తప్పులు ఇలాగే పుడతాయి. మన తర్కం చదువు అన్నంభట్టు తర్కసంగ్రహంతో మొదలవుతుంది, ఆయన తెలుగువాడే. ఆ చిన్న పుస్తకాన్ని బడిలో చెప్పకపోవడం మనం మనకే చేసుకుంటున్న అన్యాయం.

న్యాయానికీ లోపం ఉంది. ఒక్క ఉదాహరణ దొరకగానే ఆగిపోయే అలవాటు దాన్ని వాడేవాళ్లకు సులువుగా వస్తుంది. దానికి మందు బౌద్ధుడైన దిఙ్నాగుడి దగ్గర దొరుకుతుంది. హేతువుకు మూడు లక్షణాలుండాలన్నాడు: వాదిస్తున్న చోట (ఈ బోరు నీళ్లలో) ఉండాలి, అలాంటి మంచిచోట్ల (వేరే మంచి నీళ్లలో) ఉండాలి, కానిచోట (చెడ్డ నీళ్లలో) అసలే ఉండకూడదు. రెండోదాన్నీ మూడోదాన్నీ "అన్నిట్లో, కొన్నిట్లో, ఎక్కడా లేదు" అని కలిపితే తొమ్మిది గళ్లు. రెండు గళ్లే నిలుస్తాయి, రెండు తిరగబడతాయి, ఐదు ఎటూ తేలవు. తేటదనం మంచి నీళ్లలోనూ చెడ్డ నీళ్లలోనూ ఉంటుంది కాబట్టి తేలని గడిలో పడుతుంది. ముందు చెడ్డ నీళ్ల దగ్గరికెళ్లి "ఇక్కడ తేటదనం ఉందా?" అని అడగమంటాడు కాబట్టి, సొంత నమ్మకాన్ని పరీక్షించుకోవడానికి ఇంతకంటే పదునైన సాధనం లేదు.

చెప్పుడు మాట సంగతి? న్యాయం శబ్దాన్ని (ఒకరు చెప్పిన మాటను) నాలుగో ప్రమాణంగా ఒప్పుకుంటుంది, చెప్పేవాడు ఆప్తుడైతే: విషయం తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. వేదాన్నీ ఆ కొలతతోనే నిలబెడుతూ ఆయుర్వేదాన్ని పోలికగా చూపింది. మీమాంసకులకైతే వేదానికి కర్తే లేడు. దిఙ్నాగుడు శబ్దాన్ని అనుమానంలో కలిపేశాడు. ఇస్లాం పండితులు మాట ఎవరెవరి గొలుసుగా వచ్చిందో, ఎంతమంది చెప్పారో చూస్తారు. స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ 1748లో సాక్ష్యాన్ని అనుభవంతో తూచమన్నాడు. ఇక్కడ న్యాయం, ఇస్లాం రెండూ చెప్పేవాడి గుణం అడుగుతాయి. నీళ్ల రిపోర్టు చేతికొచ్చినప్పుడు మనమూ అదే అడగాలి.

ఒక్కటే ఎంచుకోమంటే ఊరి వాదనకు న్యాయం మేలు. గణితానికి, ఒప్పందం రాతకు అరిస్టాటిల్. ఒంటరిగా కూర్చుని తన నమ్మకాన్ని తాను తూచుకునేవాడికి దిఙ్నాగుడు.

మన నాగార్జున సాగర్‌కు పేరిచ్చిన బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు మాత్రం ప్రమాణాలనే నిలదీశాడు: ప్రమాణంతో అన్నీ రుజువైతే, ప్రమాణానికి రుజువేది? న్యాయసూత్రాల్లో దీనికి జవాబు తక్కెడ. బంగారాన్ని తూచేటప్పుడు అది కొలిచేది. సందేహం వస్తే ఆ తక్కెడనే మరోదానితో సరిచూస్తాం, అప్పుడు అది కొలవబడేది. నీళ్ల పరీక్ష కిట్‌కూ అంతే. బోరు నీళ్లలో కిట్‌లోని పరీక్ష మందు వేసే ముందు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి చూడండి. అక్కడ సున్నా చూపకపోతే, బోరు గురించి అది చెప్పేదేదీ లెక్కలోకి రాదు.