వార్డెన్ వేసిన రూమా, మనం ఎంచుకున్న ఇల్లా?

విజయవాడ హాస్టల్లో నా రూమ్‌మేట్‌ను వార్డెనే వేశాడు. కూలర్ ఎప్పుడూ అతని మంచం వైపే. మే నెల బెజవాడ ఎండల్లో అదెంత అన్యాయమో వేరే చెప్పాలా? అడిగితే "సరేలే" అని తిప్పేవాడు, నేను స్నానం చేసి వచ్చేసరికి మళ్లీ అటే. నేను రూమ్ మారలేనని అతనికి తెలుసు.

తర్వాత గుంటూరు బ్రాడీపేటలో ముగ్గురం ఒకరినొకరం చూసుకుని ఇల్లు తీసుకున్నాం. 20 లీటర్ల నీళ్ల టిన్ను ఎవరి వంతో క్యాలెండర్ మీద రాసుకునేవాళ్లం. ఎగ్గొడితే వచ్చే నెల తన మంచం ఇంకొకరికి పోతుందని ప్రతివాడికీ టెన్షనే. మంచితనం కన్నా ఆ టెన్షనే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

1982లో జర్మన్ ఆర్థికవేత్తలు ప్రచురించిన ఒక ఆట ఉంది. ఒకరు డబ్బు పంచుతారు, రెండోవారు వద్దంటే ఇద్దరికీ సున్నా. ఈ ఆటలో చాలామంది 40–50 శాతం ఇవ్వజూపుతారు. వద్దనే అవకాశం తీసేస్తే ఆ వాటా తగ్గిపోతుంది. మా కూలర్ కథ అచ్చం ఇదే.

అలాగని ఎంపిక ఉంటే చాలదు. 1991లో వచ్చిన మరో ప్రయోగంలో తొమ్మిది మంది ఒక్కరితో బేరం కోసం పోటీపడితే, దాదాపు సొమ్మంతా ఆ ఒక్కరికే చేరింది. ఎవరికి గిరాకీ ఉంటే వారిదే పైచేయి.

బ్రాడీపేటలో మా మూడోవాడికి ఊళ్లో తెలిసినవాళ్లెవరూ లేరు. అద్దె మాతో సమానంగానే కట్టేవాడు. పడక మాత్రం వంటగది గుమ్మం పక్కన.