పండోరాస్ బాక్సా, మైటీ మౌసా? చిన్న హోస్టాల్లో ఏది మేలు?

న్యూజెర్సీలో ఏప్రిల్ వచ్చి, ఆకుల అందం కోసం నీడలో పెంచుకునే హోస్టా మొక్కలు మొలకెత్తాయంటే చాలు, తెలిసినవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు: పెరడంతా నీడే, కుండీలో పెట్టుకోడానికి రెండు రంగుల ఆకులున్న చిన్న రకం ఏది కొనాలి అని.

నర్సరీలో రెండూ పక్కపక్కన పెడితే చెయ్యి పండోరాస్ బాక్స్ వైపే పోతుంది. రెండంగుళాల ఆకు, నడుమ తెలుపు, చుట్టూ నీలం కలిసిన పచ్చ అంచు, మొక్క మొత్తం ఎత్తు నాలుగంగుళాలు. అంత ముద్దొస్తుంది. నేనూ మొదట అదే కొన్నాను.

కానీ నా లెక్కలో చూడాల్సింది ఒక్కటే, ఆకులో తెలుపు ఎక్కడుంది? తెల్లటి చోట పత్రహరితం ఉండదు. పండోరాస్ బాక్స్‌లో నడిమి భాగమంతా తెలుపే కాబట్టి మొక్కకు అన్నం వండిపెట్టేది ఆ పచ్చ అంచే, అందుకే మూడేళ్ళైనా నా మొక్క గుప్పెడంతే ఉంది. పైగా ఇది బేబీ బంటింగ్ అనే పచ్చాకు రకం నుంచి పుట్టింది, అప్పుడప్పుడు మళ్ళీ పచ్చ పిలకలు వేస్తుంది. వాటికి బలం ఎక్కువ, ఊరుకుంటే తెల్లవాటిని మింగేస్తాయి. ఆకులు కత్తిరిస్తే సరిపోదు, ఆ పిలకను వేరుతో సహా విడదీసి తీసేయాలి.

మైటీ మౌస్‌లో రంగులు తిరగబడ్డాయి: నడుమ నీలిపచ్చ, అంచు మీగడ రంగు. 2008లో 'హోస్టా ఆఫ్ ది ఇయర్' అయిన బ్లూ మౌస్ ఇయర్స్ దీని తల్లి, ఆ మందపాటి ఆకే దీనికీ వచ్చింది, అందుకని స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) అంతగా కొరకవు. ఎనిమిదంగుళాల దాకా ఎదిగి గుండ్రంగా కుదురుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

బాట అంచున వరుసగా నాటాలంటే స్టిలెట్టో అనే ఇంకో చిన్న హోస్టా చాలు, త్వరగా పాకుతుంది. జింకలు మాత్రం ఏదైనా తినేస్తాయి.

హైదరాబాద్‌లో అమ్మకు ఇవ్వొచ్చా అని అడిగినవాళ్ళకు: వద్దండీ, చలికాలంలో కొన్ని వారాలు గట్టి చలి పడి నిద్రపోతేనే హోస్టా మళ్ళీ బాగా లేస్తుంది.

ఇప్పటికే పండోరాస్ బాక్స్ కొన్నవాళ్ళు దిగులు పడకండి. నీళ్ళు నిలవని చిన్న కుండీలో, పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలేచోట పెట్టండి, మధ్యాహ్నపు ఎండ మాత్రం పడనివ్వకండి, తెలుపు మాడిపోతుంది.