పరిశోధన బృందానికి విడి వ్యాసమా, మాతృసంస్థ వ్యాసంలో విభాగమా?

విజ్ఞాన సర్వస్వంలో ఒక పరిశోధన బృందానికి విడిగా వ్యాసం ఉండాలా, లేక మాతృసంస్థ వ్యాసంలో ఒక విభాగం రాసి, బృందం పేరు నుంచి దానికి దారిమార్పు (ఆ పేరు వెతికినవారిని నేరుగా ఆ విభాగానికి చేర్చే ఏర్పాటు) ఇస్తే చాలునా అన్న చర్చ వచ్చినప్పుడల్లా, విడి వ్యాసం కోరేవారు ముందుగా చూపేది ఆ బృందం ప్రచురించిన పత్రాల జాబితాను. అది ఎంత పొడవున్నా, బృందం తన పని గురించి తాను చెప్పుకొన్నదే. బృందంతో సంబంధం లేనివారు దాని పుట్టుకను, పనితీరును వివరంగా రాశారా అన్నదే అసలు పరీక్ష.

ఫేజ్ గ్రూప్ ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. 1940లలో అమెరికాలో మాక్స్ డెల్‌బ్రూక్, సాల్వడార్ లూరియా, ఆల్ఫ్రెడ్ హెర్షీల చుట్టూ అల్లుకున్న, ఫేజ్‌లపై (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లపై) పనిచేసిన ఈ శాస్త్రవేత్తల బృందానికి సొంత భవనమంటూ లేదు. 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని పరిశోధన కేంద్రం కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మొదలైన వేసవి తరగతులే కొత్తవారికి ప్రవేశద్వారం. ఆ ముగ్గురికీ 1969లో నోబెల్ బహుమతి వచ్చింది నిజమే కానీ, బహుమతి వ్యక్తులది. విడి వ్యాసానికి బలం చేకూర్చేది అణుజీవశాస్త్ర చరిత్రకారులు వారిని ఒక బృందంగా చర్చించడమే. పైగా, విలీనం చేద్దామన్నా ఎందులో చేస్తాం? డెల్‌బ్రూక్ వ్యాసంలో కలిపితే, హెర్షీ 1952లో మార్తా ఛేజ్‌తో కలిసి చేసిన ప్రయోగం అక్కడ పరాయిదవుతుంది.

హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్ సంగతి వేరు. అంతరించిపోతున్న జీవుల సంరక్షణకు పనిచేసే ఈ ప్రయోగశాల సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం)లో భాగం. 2021 మేలో నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్లు నిర్ధారించింది ఇక్కడే. అయితే అటువంటి వార్తలోంచి సింహాలను, వైరస్‌ను పక్కన పెడితే ప్రయోగశాల గురించి మిగిలేది ఒక్క ముక్క, అదీ సీసీఎంబీతో కలిపిన జంటపేరు. ఇలాంటి ప్రస్తావనలు పది పోగుచేసినా వ్యాసం కాదు. జంతు ప్రదర్శనశాలతో కలిసి చేపట్టిన మూషిక జింకల సంరక్షణ ప్రజననం వంటి కార్యక్రమాలపై ఇతరులు రాసిన సవివరమైన కథనాలే దానికి పునాది కాగలవు.

విభాగానికీ ఇబ్బందులున్నాయి: ఇతర భాషల వ్యాసాలతో లంకె సరిగా కుదరదు, పెద్ద వ్యాసంలో చిన్న విభాగాన్ని ఎవరూ తాజాపరచరు. అయినా, ఏళ్ల తరబడి రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయిన మొలక వ్యాసం కంటే (అలాంటివి మనకు కొదవ లేదు) సీసీఎంబీ వ్యాసంలో చక్కటి నాలుగు పేరాలే పాఠకుడికి మేలు. మూలాలు పెరిగి ఆ పేరాలు పది అయిననాడు, దారిమార్పును తీసేసి వాటిని విడి పేజీకి తరలించడం ఒక పూట పని.